పది శాతం మనిషి స్టూడియో కొన్నాడు: లూ వాసర్‌మన్ కేస్ స్టడీ

ఫిల్మ్‌నగర్‌లో ఆర్టిస్ట్ మేనేజర్ రోజు డేట్లతో మొదలై పేమెంట్లతో ముగుస్తుంది. ఒక సినిమా షెడ్యూల్ వారం జరిగితే ఇంకో సినిమాలో మిగతా ఆర్టిస్టులతో కలిసి చేయాల్సిన కాంబినేషన్ సీన్లు పోతాయి. డబ్బింగ్‌కి రమ్మని ఫోనొస్తే బ్యాలెన్స్ సంగతి అడగాలి. ఈ హడావిడిలో పడి, అసలు డబ్బు ఎక్కడ పుడుతోందో చూసే తీరిక చాలామందికి ఉండదు. అందుకే మా ఆఫీసులో చేరే కుర్రాళ్లకి కాల్షీట్ డైరీ రాయడం వచ్చాక నేను చెప్పే మొదటి కేసు, పది శాతం కమిషన్ మీద పనిచేసిన హాలీవుడ్ ఏజెంట్ లూ వాసర్‌మన్‌ది. ఆయన 1950లో చేసిన ఒక డీల్‌ని నేను ఇప్పటికీ వాడుకుంటాను. 1952లో చేసిన ఇంకో డీల్‌ని మాత్రం మా ఆఫీసు గడప తొక్కనివ్వను. రెండూ ఒకే బుర్రలోంచి వచ్చినవే.

టార్చిలైటు కుర్రాడు

వాసర్‌మన్ 1913లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో పుట్టాడు. రష్యా నుంచి వలస వచ్చిన యూదుల కుటుంబం, డబ్బున్న ఇల్లు కాదు. కుర్రతనంలో సినిమా హాల్లో జనానికి సీట్లు చూపించే పని చేశాడు. తర్వాత ఒక నైట్‌క్లబ్ పబ్లిసిటీ చూసుకుంటూ ఉండగా 1936లో ఎం.సి.ఎ.లో చేరాడు. జీతం వారానికి 60 డాలర్లు.

ఎం.సి.ఎ. అంటే మ్యూజిక్ కార్పొరేషన్ ఆఫ్ అమెరికా. 1924లో షికాగోలో జూల్స్ స్టైన్ అనే ఆయన పెట్టాడు. స్టైన్ చదివింది కంటి డాక్టరీ. డాక్టరీ వదిలేసి హోటళ్లకి, డ్యాన్స్ హాళ్లకి బ్యాండ్లు కుదిర్చి కమిషన్ తీసుకునే వ్యాపారంలోకి దిగాడు. ఆయన కిటుకు చాలా సింపుల్. మా పెద్ద బ్యాండ్ మీ హోటల్లో వాయించాలంటే, మిగతా బ్యాండ్లు కూడా మా దగ్గరే తీసుకోవాలి. ఇది మనకు కొత్తేమీ కాదు. ఫలానా హీరోయిన్ డేట్స్ కావాలంటే సెకండ్ లీడ్‌కి కూడా మా అమ్మాయినే పెట్టుకోండి అనే మాట మన దగ్గరా వింటూనే ఉంటాం. తేడా ఏమిటంటే, స్టైన్ దాన్ని ఊరూరా ఒక పద్ధతిగా నడిపాడు.

వాసర్‌మన్‌ని స్టైన్ హాలీవుడ్ పంపాడు. బ్యాండ్ల కంపెనీని సినిమా వాళ్ల కంపెనీగా మార్చే పని ఆయన మీద పడింది. స్టార్ హీరోయిన్ బెటీ డేవిస్ వచ్చింది. రొనాల్డ్ రీగన్ అనే మధ్యరకం హీరోకి వార్నర్ బ్రదర్స్‌తో ఏడేళ్లకి సుమారు 10 లక్షల డాలర్ల కాంట్రాక్టు కుదిర్చాడు. ఈ రీగన్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. 1945లో లీలాండ్ హేవర్డ్ ఏజెన్సీని మొత్తంగా కొనేశారు, దాంతో జేమ్స్ స్టూవర్ట్, హెన్రీ ఫోండా లాంటి హీరోల పేర్లు ఒక్కసారిగా లిస్టులోకి వచ్చాయి. 1946లో స్టైన్ కంపెనీ ప్రెసిడెంట్ కుర్చీని వాసర్‌మన్‌కి అప్పగించాడు. అప్పుడాయన వయసు 33.

ఆయన అలవాట్ల గురించి ఒక మాట. ఏజెంట్లందరూ నల్ల సూటు, తెల్ల చొక్కా, నల్ల టై వేసుకోవాల్సిందే. సాయంత్రానికి టేబుల్ మీద ఒక్క కాయితం ఉండకూడదు. తనూ అంతే. ఆయన వెనక కాయితాలు పెద్దగా మిగల్లేదు, ఇంటర్వ్యూలు కూడా తక్కువే. ఆర్టిస్టు కంటే ఎక్కువ ఫొటోల్లో కనిపించే మేనేజర్లు మన దగ్గర కొందరున్నారు. వాళ్లకి ఈ పేరా రెండుసార్లు చదవమని చెప్తాను.

1950: రెమ్యునరేషన్ వద్దన్న డీల్

అసలు కేసు ఇది. ముందు అప్పటి పరిస్థితి తెలియాలి.

హాలీవుడ్ స్టూడియోలు అప్పటిదాకా నటీనటుల్ని ఏళ్లకేళ్లు జీతం మీద పెట్టుకునేవి. ఆ పద్ధతి మూడు వైపుల నుంచి బీటలు వారింది. ఒలీవియా డి హావిలాండ్ అనే హీరోయిన్ వేసిన కేసులో 1944లో కోర్టు, కాంట్రాక్టు ఏడేళ్లంటే క్యాలెండర్ ప్రకారం ఏడేళ్లే, సస్పెన్షన్ల పేరుతో సాగదీయడానికి వీల్లేదని చెప్పింది. 1948లో సుప్రీంకోర్టు పెద్ద స్టూడియోల మీద ఇచ్చిన తీర్పుతో వాళ్లు సొంత థియేటర్లను వదులుకోవాల్సి వచ్చింది. ఇంటింటికీ టీవీ రావడం మొదలైంది. స్టూడియోల చేతిలో క్యాష్ తగ్గింది, రిస్కు పెరిగింది.

జేమ్స్ స్టూవర్ట్ యుద్ధానికి వెళ్లి బాంబర్ పైలట్‌గా పనిచేసి తిరిగొచ్చాడు. వచ్చాక చేసిన సినిమాలు అనుకున్నంత ఆడలేదు. యూనివర్సల్‌తో రెండు సినిమాల మాట నడుస్తోంది. ఒకటి నాటకంగా హిట్టయిన 'హార్వే', రెండోది 'వించెస్టర్ 73' అనే కౌబాయ్ సినిమా. ఆయన రేటు 2 లక్షల డాలర్లు. యూనివర్సల్ అప్పట్లో రెండో వరస స్టూడియో, అక్కడ ప్రొడక్షన్ చూసే విలియం గెట్జ్ అంత ఇచ్చే స్థితిలో లేడు. మామూలు ఏజెంటయితే ఏం చేస్తాడు? లక్షన్నరకి దింపుతాడు, లేదా ఇంకో స్టూడియోకి ఫోన్ చేస్తాడు. వాసర్‌మన్ మూడో దారి పట్టాడు. 'వించెస్టర్ 73'కి జీతం వద్దు, లాభంలో సగం ఇవ్వండి అన్నాడు. దర్శకుడి ఎంపికలో స్టూవర్ట్ మాట చెల్లుతుంది. ఆంథనీ మాన్ అలా వచ్చినవాడే.

సినిమా ఆడింది. స్టూవర్ట్‌కి 6 లక్షల డాలర్ల దాకా వచ్చాయన్నది సాధారణంగా చెప్పే లెక్క, అంటే అడిగిన దానికి మూడు రెట్లు. లాభాల్లో వాటా అంతకు ముందు కూడా ఒకరిద్దరికి దొరికింది కాబట్టి ఇది వాసర్‌మన్ కనిపెట్టిన విద్య అనడం తప్పు. కానీ పెద్ద స్టారు జీతం మొత్తం వదిలేసి ఇలా చేయడం చూశాక మిగతా స్టార్లందరూ అదే అడిగారు, స్టూడియోల చేతిలోని పగ్గాలు ఏజెంట్ల చేతికి జారడం అక్కడే మొదలైంది.

దీని వెనక పన్ను సంగతి కూడా ఉంది, దాన్ని మనవాళ్లు ఎవరూ చెప్పరు. అమెరికాలో అప్పుడు పై శ్లాబు ఆదాయపు పన్ను 80 శాతం దాటి ఉంది, తర్వాతి రెండేళ్లలో 90 కూడా దాటింది. 2 లక్షలు ఒక్క ఏడాదిలో చేతికొస్తే ఎక్కువ భాగం ప్రభుత్వానికే. అదే వాటా రూపంలో కొన్నేళ్ల పాటు వస్తే మిగిలేది ఎక్కువ. మన దేశంలో 1973-74లో సర్‌చార్జీతో కలిపి పై రేటు 97.75 శాతం. అదే రోగానికి మన పరిశ్రమ వాడిన మందేమిటో అందరికీ తెలుసు: సగం వైట్, సగం బ్లాక్. వాసర్‌మన్ మందులో కాయితం ఉంది. మన మందులో కాయితమే లేదు. కాయితం లేని చోట వాటా ఉండదు, ఉన్నా కోర్టులో నిలవదు. మన నటీనటులు దశాబ్దాల పాటు అడ్వాన్సు, బ్యాలెన్సు లెక్కలోనే ఉండిపోవడానికి ఇది పెద్ద కారణమని నా అభిప్రాయం.

ఈ డీల్ హైదరాబాద్‌లో ఎలా నడుస్తుంది

మన దగ్గర వాటాకి దగ్గరి చుట్టం ఏరియా హక్కులు, అంటే ఒక ప్రాంతంలో సినిమా ఆడించుకునే హక్కులు. పెద్ద హీరో రెమ్యునరేషన్ బదులు, లేదా అందులో కొంత తగ్గించుకుని, నైజాం గానీ ఒకటి రెండు ఆంధ్రా ఏరియాలు గానీ తీసుకుంటాడు. కొందరు సినిమా మొత్తానికి భాగస్వాములవుతారు. ఇది పెద్దవాళ్ల ఆట. చిన్న, మధ్యరకం ఆర్టిస్టు దగ్గరకొచ్చేసరికి నిర్మాత నోట వచ్చే మాట ఒకటే: "ఇప్పుడు కాస్త సర్దుకో, లాభంలో చూసుకుందాం."

మా దగ్గరున్న ఒక నటుడికి ఇలాంటిదే వచ్చింది. మంచి పాత్ర, సినిమాకి అతనే సగం బలం. అగ్రిమెంట్ కాపీ నా చేతికి వచ్చింది. పేమెంట్ పేరాలో ఇలా ఉంది: "నిర్మాణ వ్యయం, వడ్డీలు, పబ్లిసిటీ, పంపిణీ కమిషన్ తదితర ఖర్చులన్నీ పోను మిగిలిన నికర లాభంలో 5 శాతం." కుర్రాడు సంబరంగా ఉన్నాడు.

"అన్నా, అయిదు శాతం అంటే బాగానే వస్తుంది కదా?"

"తమ్ముడూ, ఆ 'తదితర' అన్న మాట ఎంత ఖరీదో నీకు తెలీదు."

నికర లాభం అనేది లెక్క రాసేవాడి చేతిలో ఉంటుంది. హాలీవుడ్‌లో దీని మీద ఒక ప్రసిద్ధమైన కేసు ఉంది. 1988లో వచ్చిన 'కమింగ్ టు అమెరికా' ప్రపంచమంతా కలిపి 28 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. కథ నాదని కేసు వేసి గెలిచిన రచయిత ఆర్ట్ బుక్‌వాల్డ్‌తో ఆ సినిమా స్టూడియో పారామౌంట్ చెప్పిందేమిటంటే, ఈ సినిమాకి నికర లాభమే రాలేదు. ఆ లెక్కల పద్ధతి అన్యాయంగా ఉందని 1990లో కోర్టు తప్పుపట్టింది. పారామౌంట్ లాంటి కంపెనీ పుస్తకాల్లోనే లాభం కనపడకపోతే, మన యూసఫ్‌గూడ అపార్ట్‌మెంట్ ఆఫీసులో కనపడుతుందా?

నిర్మాత ఆఫీసుకి వెళ్లాం. ఆయన చెడ్డమనిషి కాదు, ఫైనాన్స్ వడ్డీ కింద నలిగిపోతున్న మనిషి.

"సార్, లాభంలో వాటా వద్దు. హిందీ డబ్బింగ్ రైట్స్ ఎప్పుడు అమ్మినా మొదటి రూపాయి నుంచి మావాడికి ఇంత శాతం అని రాయండి చాలు" అన్నాను.

"అదింకా అమ్ముడే పోలేదు కదయ్యా!"

"అందుకే అడుగుతున్నా సార్. ఈ రోజు మీ జేబులోంచి పోయేదేం లేదు."

ఆయన కాసేపు ఆలోచించి, మేనేజర్‌ని పిలిచి పేరా మార్పించాడు. నేను ఇంకో వాక్యం అడిగాను: బయ్యర్ ఇచ్చే డబ్బులో మా భాగం టీడీఎస్ పోను నేరుగా ఆర్టిస్ట్ ఖాతాకే రావాలని. దీనికి కాస్త గొణిగాడు, ఒప్పుకున్నాడు. సినిమా థియేటర్లలో అంతంత మాత్రం. హిందీ హక్కులు ఆలస్యంగా, అనుకున్న దానికంటే తక్కువకి పోయాయి. అయినా కుర్రాడి వాటా బ్యాంకులో పడింది. 5 శాతం నికర లాభం రాయించుకున్న ఇంకో టెక్నీషియన్‌కి ఇప్పటిదాకా వచ్చింది ఫోన్లో ఓదార్పు మాత్రమే.

వాసర్‌మన్ డీల్‌లోంచి నేను తీసుకున్నది శాతం కాదు. ఎదుటివాడికి ఈ రోజు నొప్పి లేని చోట చెయ్యి పెట్టడం. యూనివర్సల్‌కి ఆ రోజు లేనిది క్యాష్, ఉన్నది రేపటి సినిమా. మన నిర్మాతదీ అదే పరిస్థితి. 2022 ఆగస్టులో తెలుగు నిర్మాతలు షూటింగులు ఆపేసి కూర్చున్నప్పుడు చర్చంతా రెమ్యునరేషన్ల మీద, ఆర్టిస్టుల స్టాఫ్, రవాణా ఖర్చుల మీద నడిచింది. రిలీజుకి ముందే రక్తం పోతోందన్నది వాళ్ల బాధ. ఆ బాధని విని, దాని చుట్టూ డీల్ రాయగలిగిన మేనేజర్‌కి పని తగ్గదు.

1952: నేను ముట్టుకోని డీల్

టీవీ పెరుగుతోంది. స్టూడియోలు దాన్ని శత్రువులా చూస్తున్న రోజుల్లో వాసర్‌మన్ అందులో వ్యాపారం చూశాడు. ఎం.సి.ఎ. రెవ్యూ ప్రొడక్షన్స్ పేరుతో టీవీ షోలు తీయడం మొదలుపెట్టింది. ఒక అడ్డంకి ఉంది. నటీనటుల సంఘం, అంటే స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్, రూలు ప్రకారం ఏజెంట్ నిర్మాత కాకూడదు. కారణం చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది. ఏజెంట్ పని నటుడికి ఎక్కువ ఇప్పించడం, నిర్మాత పని తక్కువ ఇవ్వడం. ఒకే మనిషి రెండూ అయితే బేరం ఎవరితో? పండ్ల మార్కెట్లో మన మామిడికాయలు అమ్మిపెట్టే కమిషన్ ఏజెంటే వాటిని కొనే షావుకారు కూడా అయితే రైతుకి ఏ రేటు దొరుకుతుందో, ఇక్కడా అంతే.

1952 జూలైలో గిల్డ్ ఎం.సి.ఎ.కి ఆ రూలు నుంచి పూర్తి మినహాయింపు ఇచ్చింది. అంత విస్తారంగా మిగతా ఏజెన్సీలకు దొరకలేదు. అప్పుడు గిల్డ్ అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్. అవును, పైన చెప్పిన క్లయింటే. మినహాయింపుకి బదులుగా, టీవీ షో మళ్లీ ప్రసారమైనప్పుడల్లా నటులకు డబ్బు ఇవ్వడానికి ఎం.సి.ఎ. ఒప్పుకుంది, ఆ లాభం నటులకు నిజంగానే దక్కింది. 1954లో రీగన్ 'జనరల్ ఎలక్ట్రిక్ థియేటర్' అనే టీవీ షోకి వ్యాఖ్యాత అయ్యాడు. తీసింది రెవ్యూ. 1962లో ఆయన, నేరం మోపాలా వద్దా అని తేల్చే గ్రాండ్ జ్యూరీ ముందు ఈ విషయం మీద సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. నేరం మోపలేదు.

నిజం చెప్పాలంటే ఇక్కడ నాకు వాసర్‌మన్ మీద కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ. మినహాయింపు చేతికొచ్చాక ఎం.సి.ఎ. ఎలా ఆడిందో చూడండి. నటుడు వాళ్ల క్లయింటు, రచయిత వాళ్ల క్లయింటు, దర్శకుడు వాళ్ల క్లయింటు, షో వాళ్లది. ఛానల్‌కి మొత్తం కట్టగట్టి అమ్మేవారు. 1958లో పారామౌంట్ పాత సినిమాలు సుమారు 750, 5 కోట్ల డాలర్లకి కొన్నారు. పాత సరుకు అని నవ్వినవాళ్లు ఉన్నారు, టీవీల్లో వాటి వసూళ్లు చూసి నోరు మూసుకున్నారు. అదే ఏడాది చివర యూనివర్సల్ స్టూడియో స్థలాన్ని కోటీ పన్నెండున్నర లక్షల డాలర్లకి కొని, తిరిగి యూనివర్సల్‌కే అద్దెకిచ్చారు. ఇంటాయన్నే కిరాయిదారుణ్ణి చేశారన్నమాట. అమెరికా పత్రికలు ఎం.సి.ఎ.కి ఆక్టోపస్ అని పేరు పెట్టాయి.

దర్శకుడు హిచ్‌కాక్ తీసిన 'సైకో' ఈ రెండు ముఖాల్నీ ఒకేచోట చూపిస్తుంది. పారామౌంట్‌కి ఆ కథ నచ్చలేదు. వాసర్‌మన్ ఏజెంట్‌గా హిచ్‌కాక్ రెండున్నర లక్షల డాలర్ల ఫీజు వదులుకుని సినిమాలో 60 శాతం సొంతం చేసుకునేలా కుదిర్చాడు. షూటింగ్ జరిగింది ఎం.సి.ఎ. స్థలంలో, రెవ్యూ టీవీ యూనిట్‌తో. ఖర్చు 8 లక్షల డాలర్ల చిల్లర. 1960లో విడుదలై హిచ్‌కాక్‌ని కోటీశ్వరుణ్ణి చేసింది. తర్వాత ఆయన ఆ హక్కుల్ని ఎం.సి.ఎ.కే ఇచ్చి బదులుగా కంపెనీ షేర్లు తీసుకుని పెద్ద వాటాదారుల్లో ఒకడయ్యాడు. క్లయింటుకి నష్టం జరిగిందా? లేదు. కానీ ఆ బేరంలో హిచ్‌కాక్ తరఫున ఎదురు కూర్చుని గట్టిగా మాట్లాడింది ఎవరు? నాకు ఈ ప్రశ్నే ముఖ్యం. హిచ్‌కాక్ స్థాయి మనిషికి ఎవరూ అక్కర్లేదు. రెవ్యూ షోలో ఒక ఎపిసోడ్‌కి వచ్చిన మామూలు నటుడికి కావాలి.

1962లో ఎం.సి.ఎ. డెక్కా రికార్డ్స్‌ని కొంది. డెక్కా చేతిలోనే యూనివర్సల్ ఉంది. రాబర్ట్ కెనెడీ నడిపే న్యాయశాఖ గుత్తాధిపత్యం కింద కేసు పెట్టింది. స్టూడియో కావాలా, ఏజెన్సీ కావాలా తేల్చుకోమంది. వాసర్‌మన్ పెద్దగా తర్జనభర్జన పడలేదు. జూలైలో ఏజెన్సీ మూతపడింది. హాలీవుడ్‌లో సగం పెద్ద పేర్లకి ఏజెంట్ లేకుండా పోయాడు. ఎం.సి.ఎ.లో పనిచేసిన ఏజెంట్లు చిన్న చిన్న ఆఫీసులు తెరిచి వాళ్లని పంచుకున్నారు.

ఆ తర్వాత

1962 నుంచి 1995 దాకా ఆయన స్టూడియో అధినేత, ఏజెంట్ కాదు కాబట్టి మన కేసుకి అంత అవసరం లేదు. 1964లో యూనివర్సల్ టూర్ మొదలైంది, మన రామోజీ ఫిల్మ్ సిటీ బస్సెక్కే జనాన్ని చూస్తే ఆ ఆలోచన ఎంత దూరం వచ్చిందో తెలుస్తుంది. 1975లో యూనివర్సల్ సినిమా 'జాస్' ఒకేసారి 409 థియేటర్లలో పడింది. 1990లో కంపెనీని జపాన్‌కి చెందిన మత్సుషిటాకి సుమారు 660 కోట్ల డాలర్లకి అమ్మారు. ఆ బేరం కుదిర్చింది అప్పటి అతిపెద్ద ఏజెంట్ మైకేల్ ఓవిట్జ్. అయిదేళ్లకే మత్సుషిటా ఎక్కువ భాగం వాటాని సీగ్రామ్ అనే కంపెనీకి అమ్మేసింది, ఆ నిర్ణయంలో వాసర్‌మన్ మాట లేదు. ఆయన 2002 జూన్‌లో చనిపోయాడు.

మన టేబుల్ మీద

కాలిఫోర్నియాలో ఏజెంట్‌కి రాష్ట్రం ఇచ్చే లైసెన్సు ఉండాలి, నటుల గిల్డ్ ఒప్పందాల్లో కమిషన్ 10 శాతం దాటకూడదు. అంత కట్టుదిట్టం ఉన్న చోట కూడా 1952 గొడవ మళ్లీ లేచింది. ఏజెన్సీలు తమ క్లయింట్లను కట్టగట్టి ఇచ్చినందుకు షోల నుంచి ప్యాకేజీ ఫీజు తీసుకుంటున్నాయని, అనుబంధ సంస్థలతో తామే నిర్మిస్తున్నాయని 2019 ఏప్రిల్‌లో వేలమంది రచయితలు ఒకేసారి తమ ఏజెంట్లను తీసేశారు. 2021కి గానీ పెద్ద ఏజెన్సీలన్నీ దిగిరాలేదు.

హైదరాబాద్‌లో మేనేజర్ కావడానికి ఫోన్ నంబరు చాలు. హీరో బావమరిది, హీరోయిన్ తమ్ముడు, మేకప్‌మ్యాన్, ఎవరైనా కావచ్చు. ఇందులో నాకు తప్పేమీ కనిపించదు, మంచి మేనేజర్లు అలా వచ్చినవాళ్లలోనూ ఉన్నారు. ఇబ్బంది ఎక్కడంటే, ఇప్పుడు అదే మేనేజర్ పోస్టర్ మీద 'సహ నిర్మాత'గా కనిపిస్తున్నాడు. తన ఆర్టిస్టు డేట్స్ తనే ఇచ్చుకుంటాడు, రేటు తనే తగ్గించుకుంటాడు, కమిషన్ కూడా తనే తీసుకుంటాడు. ఆర్టిస్టుకి చెప్పే మాట, "మన సొంత బ్యానరే కదా బాబూ." మినహాయింపు ఇవ్వడానికి మధ్యలో ఒక రీగన్ అవసరం కూడా మనకి లేదు.

నేనూ ఇద్దరు మిత్రులతో కలిసి చిన్న వెబ్ సిరీస్‌లో డబ్బు పెట్టాను. అందులోకి మా క్లయింట్లు ఇద్దరు కావాల్సి వచ్చింది. వాళ్ల తరఫున మాట్లాడటానికి బయట నుంచి ఒక లాయర్‌ని పెట్టుకోమన్నాను, ఫీజు మా నిర్మాణ ఖర్చులో వేశాం. ఆ ప్రాజెక్టు వరకు నా 10 శాతం మానేశాను. లాయర్ మొదటి మీటింగులోనే నేను అనుకున్న రేటుకి పావు వంతు పెంచి, డబ్బింగ్‌కి ముందే బ్యాలెన్స్ మొత్తం కావాలన్నాడు. నా భాగస్వామి నా మొహం చూశాడు. నేను సంతకం పెట్టాను. మా ఆఫీసు అగ్రిమెంట్‌లో ఇప్పుడు ఈ బయటి లాయర్ పద్ధతి నాలుగో పేరా. కొత్త కుర్రాళ్లు చేరినప్పుడు వించెస్టర్ లెక్కతో పాటు దీన్నీ చదివిస్తాను.